ఎవరూ అరవని సర్వరు

నేను ముప్పై నాలుగో ఏట రిటైరయ్యాను. సన్మానం జరగలేదు, ఎవరూ శాలువా కప్పలేదు. హాలిఫాక్స్‌లో ఒక ఆసుపత్రి సర్వర్లను తొమ్మిదేళ్ళు చూసుకున్నాక, ఆ పని మొత్తాన్నీ బయటి సంస్థకు అప్పగించారు. నాకు ఒక కేకు ముక్క, ఒక కాఫీ కప్పు ఇచ్చి పంపించారు. కప్పు మీద ఇంకెవరి పేరో ఉంది. ఇప్పుడు ఒషావాలోని ఒక కాలేజీలో ఇదే విద్యను పాఠంగా చెబుతున్నాను.

ప్రతి సెమిస్టరూ మొదటి వారంలోనే ఒక ప్రశ్న వస్తుంది. వరంగల్ నుంచో గుంటూరు నుంచో వచ్చిన వాళ్ళు, ముందురోజు కాఫీ షాపులో షిఫ్టు చేసిన కళ్ళతో అడుగుతారు: "సార్, ఏ లినక్స్ బెస్ట్ సార్?"

ఒక ముక్కలో చెప్పే జవాబు నా దగ్గర లేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతికే పనిలోనే ఒకసారి, ఏ రోగికి ఏ రక్తం ఎక్కించకూడదో రాసి ఉన్న ఒకే ఒక్క మెషిన్‌ను నా చేత్తో నేనే ఆపేసి, దాని డిస్కులను ముక్కలు చేయించబోయాను. ఆ సంగతి చెబుతాను. ప్రమోషన్లు, అప్రైజళ్ళు వదిలేస్తాను. వాటిలో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు.

గడువు తేదీ

మా సర్వర్లలో చాలావాటి మీద, వాటిని నడిపే మూల సాఫ్ట్‌వేర్‌గా, ఒకే రకం లినక్స్ ఉండేది. ఒక పెద్ద కంపెనీ డబ్బు తీసుకుని అమ్మే లినక్స్‌నే పేరు మార్చి ఉచితంగా ఇచ్చే రకం. ఏళ్ళ తరబడి అది నోరెత్తకుండా నడిచింది. ఒకరోజు, ఫలానా తేదీ తర్వాత దానికి మద్దతు ఉండదని ప్రకటన వచ్చింది. ఇంటర్నెట్ అంతా గుండెలు బాదుకుంది. నేనూ ఒక ఫోరంలో రెండు పేరాల ఆగ్రహం రాశాను. దాన్ని నలుగురు చదివారు, వాళ్ళలో ఒకరు మా అక్క.

మద్దతు ఆగిపోయే రోజున ఏదో జరుగుతుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. ఏమీ జరగదు. మర్నాడు కూడా ఏమీ జరగదు. లైట్లు అలాగే మిణుకుమంటాయి, ఫ్యాన్లు అలాగే తిరుగుతాయి. కాకపోతే ఆ తర్వాత ఎవరైనా ఆ సాఫ్ట్‌వేర్‌లో దూరడానికి ఒక సందు కనిపెడితే, దాన్ని మూసే ప్యాచ్ మాత్రం రాదు.

మా మేనేజరు డోరీన్ కేప్ బ్రెటన్ అనే పక్క దీవి మనిషి. వయసు అరవైకి దగ్గర పడింది. ఆవిడ గొంతు పెంచగా నేను వినలేదు. ఆవిడ ఇంగ్లీషును నా తెలుగులో పెడుతున్నాను.

"పాల ప్యాకెట్టు మీద తేదీ ఉంటుంది చూడు, ఇదీ అంతే," అన్నారు మొదటి మీటింగులో. "ఆ రోజే విరిగిపోవు. కానీ ఆ రోజు నుంచి వాసన చూసుకునే పని మనది."

మా ముందు నాలుగు దారులు. ఆ పెద్ద కంపెనీకి డబ్బు కట్టి అసలుదాన్నే వాడటం ఒకటి. అదే కంపెనీ ఉచితంగా ఇస్తున్న, మార్పులు ముందుగా వచ్చి పడే రకానికి వెళ్ళడం రెండోది. పాతదాన్ని పోలినదాన్ని కొందరు వాలంటీర్లు మళ్ళీ మొదటి నుంచి కట్టి ఇస్తున్నారు, అది మూడోది. పూర్తిగా వేరే కుటుంబానికి చెందిన లినక్స్‌కు మారిపోవడం నాలుగోది.

నేను నలభై ఒక్క వరసల టేబుల్ తయారుచేశాను. వేగం, భద్రత, ఎన్నేళ్ళ మద్దతు, ఏ వెర్షన్‌లో ఏముంది, అన్నీ రంగులతో. నా మొగ్గు నాలుగోదాని వైపు. దానికి పదకొండు కారణాలు చూపించాను. అది నా రెజ్యూమేలో బాగుంటుందన్న పన్నెండో కారణం మాత్రం రాయలేదు.

డోరీన్ టేబుల్‌ను మొదటి నుంచి చివరి దాకా ఓపిగ్గా చూశారు.

"ఇందులో మనుషులు ఎన్నో వరసలో ఉన్నారు?"

వెతికి చెప్పాను. ముప్పై ఏడు. "వాడేవారి సంఖ్య" అని ఉంది. దాని ఎదురుగా చాలాచోట్ల "తెలియదు" అని నేనే రాసి ఉంది.

అరుపు పరీక్ష

మాకు నూట నలభైకి పైగా మెషిన్లు ఉండేవి. నా ముందు ఆ ఉద్యోగం చేసినాయన వాటన్నిటికీ చేపల పేర్లు పెట్టి రిటైరయ్యాడు. హాడక్, మాకరెల్, హాలిబట్, హెరింగ్. చేపల పేర్లు అయిపోయాక పీతల్లోకి దిగాడు. ఏది ఏం చేస్తుందో రాసిన కాగితం మాత్రం ఎక్కడా లేదు.

లెక్క మొదలుపెట్టాను. అంతవరకూ ఆ గది నాకు చల్లగా, గోలగా ఉండే ఒక చోటు మాత్రమే. ఒక్కొక్కదాన్నీ తెరిచి చూస్తుంటే, వంటగదికి రొట్టెల లెక్క చెప్పేది ఒకటి, ఎక్స్‌రేలను అంతస్తుల మధ్య తిప్పేది ఒకటి, పిల్లల వార్డులో టీకాల ఫ్రిజ్ వేడెక్కితే కబురు పెట్టేది ఒకటి. కొన్నిటికి ఏళ్ళుగా మనిషి చెయ్యి తగల్లేదు. హెరింగ్ అనేదాన్ని చివరిసారి రీస్టార్ట్ చేసి ఆరేళ్ళు దాటింది. ఆరేళ్ళు! నేను అంతసేపు దేని మీదా ధ్యాస నిలిపి ఎరుగను.

ఇలా లెక్క తేలనివి ఇరవై మూడు మిగిలాయి. వాటి యజమానులు ఎవరో తెలియదు. ఈమెయిళ్ళు పంపితే జవాబు రాలేదు. మా వృత్తిలో ఇలాంటప్పుడు వాడే పాత చిట్కా ఒకటుంది, దాన్ని అరుపు పరీక్ష అంటారు. మెషిన్‌ను ఆపేసి, ఎవరు అరుస్తారో చూడటం. ఎవరైనా అరిస్తే అది వాళ్ళది. ఎవరూ అరవకపోతే దిక్కులేనిది.

నాతో పాటు పనిచేసే హారిక నిజామాబాద్ అమ్మాయి, బ్యాకప్‌లు చూసేది. నా ప్లాన్ విని కుర్చీ నా వైపు తిప్పింది.

"గిది హాస్పిటల్, జోయెల్. అరిచేటోళ్ళు మనల్ని చూసే అరుస్తరని ఏం గ్యారంటీ?"

"స్టేటస్ పేజీలో నోటీసు పెడతాం. మెయింటెనెన్స్ జరుగుతోంది, ఇబ్బంది ఉంటే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి అని."

"మంచిగుంది. కరెంటు తీసేసి మెయింటెనెన్స్ అంటవ్."

నవ్వుకున్నాం. నోటీసు పెట్టాం. ఇరవై మూడూ ఆపాం. మొదటి గంటలో తొమ్మిది మంది అరిచారు. వంటగది నుంచి వచ్చిన ఫోన్‌లో కొన్ని కొత్త ఇంగ్లీషు మాటలు నేర్చుకున్నాను. వారం లోపల ఇంకో ఎనిమిదికి యజమానులు దొరికారు. ఆరింటి కోసం ఎవరూ ఫోన్ చేయలేదు. వాటిలో హెరింగ్ ఒకటి.

రెండు వారాలు చూసి, రోగుల వివరాలు బయటికి పోకుండా డిస్కులను ముక్కలు చేయించాలన్నది నేను రాసిన రూలు. పదో రోజు శుక్రవారం వచ్చింది. ముక్కలు చేసే బండి సోమవారం పొద్దున్నే వస్తుందని తెలిసింది, మళ్ళీ నెల దాకా రాదట. పది రోజులు దాదాపు రెండు వారాలే కదా అనుకున్నాను. నేను రాసిన రూలును నేనే కత్తిరించాను. హారిక డిస్కులు ఊడదీసి బూడిదరంగు డబ్బాలో వేసింది. వీటిలో దేనికీ బ్యాకప్ లేదు. యజమాని పేరు లేని మెషిన్లను బ్యాకప్ జాబితాలోంచి తీసేయాలని రెండేళ్ళ క్రితం ఒక తెలివైనవాడు నిర్ణయించాడు. ఆ తెలివైనవాడు ఎవరో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ప్రార్థన మనవులు

ఆదివారం మధ్యాహ్నాలు రేవు అవతల, డార్ట్‌మత్ వైపు ఒక చర్చి బేస్‌మెంటులో మా తెలుగు ఆరాధన జరిగేది. ముప్పై మందిమి ఉండేవాళ్ళం. పాటలయ్యాక, పాస్టరు గారి వాక్య ప్రసంగానికి ముందు, ఎవరికైనా ప్రార్థన మనవులు ఉంటే లేచి చెబుతారు. వర్క్ పర్మిట్ల కోసం, పిల్లల పరీక్షల కోసం, ఊళ్ళో అమ్మమ్మల మోకాళ్ళ కోసం.

ఆ ఆదివారం ప్రభుదాసు గారు లేచారు. పాలకొల్లు మనిషి. మా ఆసుపత్రిలోనే రక్తం పరీక్షల ల్యాబులో పాతికేళ్ళుగా టెక్నాలజిస్టు. ఇస్త్రీ నలగని చొక్కా, నెమ్మదైన గొంతు. ఆయన ల్యాబులో చేస్తారని తెలుసు గానీ, ఏం చేస్తారో నేనెప్పుడూ అడగలేదు.

"మా హాస్పిటల్లో కంప్యూటర్ డిపార్ట్‌మెంటు బిడ్డల గురించి ప్రార్థన చెయ్యండి," అన్నారు. "ఒక పాత మెషిన్ పన్నెండు రోజులై డౌన్‌లో ఉంది. పాపం ఆ పిల్లలు రాత్రీ పగలూ దాంతోనే తంటాలు పడుతున్నారు. దేవుడు వాళ్ళకి జ్ఞానం, మంచి ఆరోగ్యం ఇవ్వాలి. మన జోయెల్ కూడా అందులోనే ఉన్నాడు."

ముప్పై తలలు జాలిగా నా వైపు తిరిగాయి. ఆ పన్నెండు రోజులూ నేను ఐదింటికల్లా ఇంటికి పోయాను. పాస్టరు గారు నా పేరు పెట్టి, కళ్ళు మూసుకుని, నిదానంగా ప్రార్థించారు. నేను ఆమెన్ అన్నాను. ఇంకేం అంటాను?

ఆరాధన అయ్యీ కాకముందే ఆయన దగ్గరికి వెళ్ళాను.

"అంకుల్, ఆ మెషిన్ పేరేంటండి?"

"స్క్రీన్ పైన హెరింగ్ అని ఉంటది, బాబూ."

"దాంట్లో ఏం చూస్తారు మీరు?"

"పాత పేషెంట్ల యాంటీబాడీలు. ఎవరికి ఏ రక్తం ఎక్కించకూడదో, అది. రెండు హాస్పిటళ్ళు కలవక ముందువన్నీ దాంట్లోనే ఉన్నాయి. కొత్త సిస్టంలోకి ఎక్కలేదు."

"మరి ఫోన్ చెయ్యలేదేం అంకుల్?"

ఆయన ఆశ్చర్యపోయారు. "మెయింటెనెన్స్ అని మీరే పెట్టారుగా. ఇబ్బంది ఉంటే చెయ్యమన్నారు. మాకు ఇబ్బంది లేదు, కాగితాలు ఉన్నాయి. పని చేసుకునేవాళ్ళని మాటిమాటికీ కదిపితే ఎలా?"

నా మొహంలో ఏం కనిపించిందో గానీ, "ముందు భోంచెయ్యి, ప్లేటు పెట్టించాను," అన్నారు. ప్లేటు పట్టుకునే హారికకు ఫోన్ చేశాను.

"ఏంది జోయెల్, ఆదివారం గూడ నీ లొల్లేనా?"

"హెరింగ్ డిస్కులు ఎక్కడున్నాయి?"

"డబ్బాల. రేపు పొద్దుగాల బండొస్తది గద."

"వాటిని ముక్కలు చేస్తే మనుషులు చస్తారు."

అటువైపు తాళాల చప్పుడు వినపడింది. "వస్తున్న," అంది.

వంతెన మీద

ప్రభుదాసు గారు తన కారులో తీసుకెళ్తానన్నారు. ఆయన వంతెన మీద కారు నడిపే వేగానికి, కింద రేవులో వెళ్తున్న ఫెర్రీ మమ్మల్ని దాటేసింది. సినిమాల్లో ఇలాంటప్పుడు టైర్లు కీచుమంటాయి. మా వెనక కారు హారన్ ఒక్కసారి మర్యాదగా మోగింది.

సగం వంతెన దాటాక చెప్పేశాను. మెషిన్ పాడవలేదని, నేనే ఆపానని, ఎందుకు ఆపానో కూడా.

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగారు.

"అంటే, ఎవరన్నా అరుస్తారేమోనని చూశారా?"

"అవునండి."

"నేను అరవలేదు."

"లేదండి."

"అరవాలని ముందే చెప్పొచ్చుగా, బాబూ."

తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఏదో ఒకటి అనేవాణ్ణి, తేలికపడేవాణ్ణి. నేను ప్రతిదానికీ ఒక జోకు తయారుగా ఉంచుకునే మనిషిని. ఆ వంతెన మీద నా దగ్గర ఒక్కటీ లేదు.

హారిక అప్పటికే సర్వరు గదిలో డబ్బా ముందు కూర్చుని ఉంది. నలభై డిస్కులు, అన్నీ ఒకే రంగు, ఒకే సైజు. వాటిలో హెరింగ్‌వి రెండు ఏవో పట్టుకోవడానికి తెల్లారుతుందని దారంతా భయపడ్డాను. ఆమె రెండు డిస్కులు తీసి నా చేతిలో పెట్టింది. ఒక్కోదాని మీద తెల్ల టేపు, టేపు మీద మార్కరుతో పేరు, ఏ అరలోదో కూడా.

"అన్నిటికీ అంటించినవా?"

"మరి? అందరు నీ లెక్క ఉంటరా?"

డిస్కులు బిగించి స్విచ్ వేశాం. ఏళ్ళ తరబడి ఆగకుండా తిరిగిన డిస్కు ఒకసారి చల్లారితే మళ్ళీ తిరగకపోవచ్చని మా వాళ్ళందరికీ తెలుసు. మొదటిది చిన్నగా టిక్కుటిక్కుమని ఊరుకుంది. అది ఇంక లేవలేదు. రెండోది, అదే సమాచారం కాపీ ఉన్నది, ఒక మూలుగు మూలిగి, ఆగి, మళ్ళీ మూలిగి, తిరిగింది. నల్ల తెర మీద తెల్లటి వరసలు ఒకటొకటిగా దిగాయి. ముగ్గురం నిలబడి చూశాం. నేను చాలా సర్వర్లు లేవడం చూశాను. ఒక మెషిన్ ముందు చేతులు కట్టుకుని నిలబడింది మాత్రం అదొక్కసారే.

హారిక అక్కడికక్కడే మూడు కాపీలు తీసింది. నాలుగోది నేను అడిగాను. వద్దనలేదు.

కాగితాల పన్నెండు రోజులు

సోమవారం పొద్దున్నే డోరీన్‌కు మొత్తం చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను.

"ఆ పరీక్ష ఏం కొలిచింది?" అని అడిగారు.

"ఏ మెషిన్‌ను ఎవరు వాడుతున్నారో."

"కాదు. ఎవరు గొంతు పెంచుతారో." తర్వాత, "ఇవాళ నీకు వేరే పనులు లేవు. వెళ్ళి ఆయన పక్కన కూర్చో," అన్నారు.

తొమ్మిదేళ్ళలో నేను చూసిన బాసుల్లో తప్పు చేసినవాడి మీద అరిచినవాళ్ళున్నారు, తప్పును కప్పెట్టమన్నవాళ్ళున్నారు. తప్పు ఎవరి మీద పడిందో వాళ్ళ దగ్గరికి పంపిన బాసు ఈవిడ ఒక్కరే. మీకు అలాంటి బాసు దొరికితే, కొంచెం ఎక్కువ జీతం కోసం వదులుకోకండి.

ల్యాబులో ప్రభుదాసు గారు నాకొక స్టూలు వేసి, అయిదో క్లాసు పిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. కొందరికి ఒకసారి రక్తం ఎక్కించాక, ఆ రక్తంలోని ఏదో ఒక రకం గుర్తు మీద ఒళ్ళు పగబడుతుంది. దానికి యాంటీబాడీ తయారవుతుంది. ఏళ్ళు గడిస్తే అది తగ్గిపోయి పరీక్షలో కనపడదు. కానీ ఒళ్ళు మరిచిపోదు. అదే రకం రక్తం మళ్ళీ ఎక్కిస్తే, కొద్దిరోజుల్లో ఆ ఎక్కించిన రక్తాన్ని ఒళ్ళే విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

"ఇవాళ్టి పరీక్ష బాగానే ఉందంటుంది. అందుకని పాత కాగితం చూడాలి," అన్నారు.

హెరింగ్ ఆగిన రోజున ఆయన అల్మరాలోంచి లావుపాటి ఫైలు ఒకటి తీశారు. పాత రికార్డులన్నీ ప్రింటు తీసి పెట్టుకున్న ఫైలు, రెండు వేలకు కొంచెం తక్కువ పేర్లు. ఏటా జనవరి మొదటి వారంలో కొత్తగా ప్రింటు తీస్తారు. రక్తం అడుగుతూ వచ్చిన ప్రతి కాగితానికీ ఆ ఫైల్లో పేరు వెతకడం, ఉందో లేదో రాయడం, పక్కన ఇంకో టెక్నాలజిస్టు మళ్ళీ వెతకడం, ఇద్దరూ సంతకం పెట్టడం. పన్నెండు రోజులు, మూడు షిఫ్టులూ అలాగే చేశారు. ఆ కాగితాలన్నీ వరసగా గుచ్చి ఉన్నాయి. నేను చూసినంతలో ఒక్కదాని మీద సంతకం తక్కువ కాలేదు. ఒక్క కొట్టివేత లేదు.

నా టేబుల్లో "తెలియదు" అని రాసిన గడి వెనకాల ఇంత పని జరుగుతోంది. నాకు ఆ స్టూలు మీంచి లేవబుద్ధి కాలేదు.

లేదు అనే మాట

హెరింగ్ అలా ఎన్నాళ్ళో నడవదు. ఒక కాలు విరిగింది, పైగా మద్దతు గడువు దగ్గర పడుతోంది. కొత్త మెషిన్ మీద, కొత్త లినక్స్ మీద దాన్ని నిలబెట్టాలి. ముందు నాకిష్టమైన నాలుగోదాని మీదే పెట్టి చూశాను. రికార్డులు కాపీ చేశాం. హారిక ఒక స్క్రిప్టు రాసింది. పాతదాన్నీ కొత్తదాన్నీ మొదటి రికార్డు నుంచి చివరిదాకా చదివి పోలుస్తుంది. ఒక్క అక్షరం తేడా లేదు. పచ్చ రంగు టిక్కు వచ్చింది. నేను ఆ టిక్కును ఫొటో తీశాను.

"నేనూ ఒకసారి చూస్తాను," అన్నారు ప్రభుదాసు గారు.

"స్క్రిప్టు మొత్తం చూసిందంకుల్," అంది హారిక. "రెండు వేలు, ఒక్కటి గూడ వదల్లె."

"దాన్ని చూడనీ అమ్మా. దాని పని అది చేసింది. నా పని నేను చేస్తా."

వారానికి రెండు మధ్యాహ్నాలు, షిఫ్టు అయ్యాక, ఫైలు ముందు పెట్టుకుని ఒక్కో పేరూ టైపు చేసి వెతికారు. నేను పక్కన కూర్చునేవాణ్ణి. మొదట మర్యాద కోసం. తర్వాత ఆయన వేళ్ళు కదిలే తీరు చూడటం కోసం. ఒక పేరు టైపు చెయ్యడం, స్క్రీన్ చూడటం, కాగితం చూడటం, పెన్సిల్‌తో ఒక చుక్క. తొందర లేదు, ఆగడం లేదు.

మూడో మధ్యాహ్నం పెన్సిల్ ఆగింది.

"బాబూ, ఈవిడ లేదంటోంది."

ఆ చుట్టుపక్కల ఫ్రెంచి మాట్లాడే అకాడియన్ల ఊళ్ళు ఎక్కువ. రెండు ఇంటిపేర్లను మధ్యలో చిన్న గీతతో కలిపి రాసుకునేవాళ్ళు చాలామంది. ఈవిడదీ అలాంటి పేరే. కాగితం మీద ఉంది. స్క్రీన్ మీద "రికార్డు లేదు". రికార్డుల్లో చూస్తే ఉంది. వెతికితే లేదు.

నాకు అర్థం కావడానికి సాయంత్రం పట్టింది. రికార్డులు పేర్ల వరసలో పేర్చి ఉంటాయి, పాత టెలిఫోన్ డైరెక్టరీలాగా. ఆ వరస ఏ లెక్కన పెట్టాలో చెప్పేది లినక్స్. పాతది పేర్లలోని ఆ చిన్న గీతను పట్టించుకునేది కాదు. కొత్తది పట్టించుకుంటుంది. పాత లెక్కలో పేర్చిన డైరెక్టరీని కొత్త లెక్కతో తెరిస్తే, పేరు ఉండాల్సిన పేజీలో ఉండదు. ప్రోగ్రాం అక్కడ చూసి, లేదు అని చెప్పి ఊరుకుంటుంది. నాలుగు పేజీల అవతల ఆ పేరు ఉంటుంది. హారిక స్క్రిప్టు డైరెక్టరీని మొదటి నుంచి చివరిదాకా చదివింది, వెతకలేదు. కాబట్టి దానికి ఏ తేడా కనపడలేదు. ప్రభుదాసు గారు చదవలేదు, వెతికారు. పేషెంటు వస్తే ఏం చేస్తారో అదే చేశారు.

అలాంటివాళ్ళు పదకొండు మంది తేలారు.

నా వృత్తిలో "లేదు" అంటే ఎక్కడో తప్పు జరిగిందని అర్థం. ఎర్రగా వస్తుంది, గంట మోగుతుంది, ఎవరో ఒకరు లేస్తారు. ఆయన వృత్తిలో "లేదు" అంటే, ఇబ్బంది లేదు, ఏ రక్తమైనా ఇవ్వొచ్చు. ఆ రెండో అర్థం నా పచ్చ టిక్కుకు తెలియదు.

హారిక తన స్క్రిప్టు మూసేసి ఆయన వైపు తిరిగింది. "అంకుల్, మీరు మా డిపార్ట్‌మెంట్‌కి రారాదు?"

"వద్దమ్మా. మీ దగ్గర చలి," అన్నారు.

మేం ఎంచుకున్నది

కొత్త కాలపు లినక్స్ ఏది పెట్టినా ఇదే వరస తేడా వచ్చేది. నాలుగింటిని పరీక్షించి చూశాం, నాలుగూ అంతే. అంటే నా నలభై ఒక్క వరసల్లో దేనికీ దీనితో సంబంధం లేదు. వరసను కొత్త లెక్కలో మళ్ళీ కట్టాలి, కట్టాక ఎవరైనా మనిషి కూర్చుని వెతకాలి. అంతే.

మిగతా మెషిన్లలో చాలావాటికి వాలంటీర్లు కట్టిన రకాన్ని ఎంచుకున్నాం. పాతదానికి దగ్గరగా ఉంటుంది, నేర్చుకోవాల్సింది తక్కువ. హెరింగ్‌కూ, ల్యాబుకు సంబంధించిన మరికొన్నిటికీ డబ్బు కట్టే రకం తీసుకున్నాం. డోరీన్ అడిగింది ఒకటే: "ఇది సరిగ్గా నడవకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి?" దానికి అటువైపు ఒక నంబరు ఉంది. నాకిష్టమైన నాలుగోది కాఫీ మెషిన్ పక్కనున్న డిస్‌ప్లే బోర్డుకు దక్కింది. బాగానే నడిచింది.

వరస మళ్ళీ కట్టాక ప్రభుదాసు గారు రెండు వేల పేర్లనూ మళ్ళీ మొదటి నుంచి వెతికారు. పదకొండు మందినే చూస్తే చాలు కదా అన్నాను. ఆయన నా వైపు చూసి, మొదటి పేరు టైపు చేశారు.

మీరు ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు. కాబట్టి సూటిగా చెబుతాను. ఏ లినక్స్ అన్నది చిన్న ప్రశ్న. నాలుగింట్లో మూడు ఎప్పుడూ పనికొస్తాయి. ఆ మెషిన్ ముందు కూర్చునే మనిషి ఎవరు, ఆగితే ఆయన ఏం చేస్తారు, తప్పు చెబితే ఆయనకు ఎలా తెలుస్తుంది, ఇవి పెద్ద ప్రశ్నలు. వీటికి జవాబు మీ సీట్లో దొరకదు. లేచి నాలుగు అంతస్తులు ఎక్కాలి. అరుపు పరీక్ష చెయ్యొద్దనను, ఇప్పటికీ చేస్తారు, చెయ్యాల్సి వస్తుంది. కానీ ముందు తలుపులు తట్టండి. నోరున్నవాళ్ళు ఎలాగూ దొరుకుతారు. పద్ధతిగా పని చేసేవాళ్ళే దొరకరు, ఎందుకంటే వాళ్ళు అప్పటికే ఏదో ఒక కాగితం తీసి పని మొదలుపెట్టేసి ఉంటారు.

ప్రింటరు

కొత్త హెరింగ్ మొదలై మూడు నెలలు దాటాక, ల్యాబులో లేబుళ్ళ ప్రింటరు మొరాయించింది. ప్రింటర్లు మా పని కాదని ఎన్నిసార్లు చెప్పినా, ల్యాబు నుంచి ఏం వచ్చినా డోరీన్ నన్నే పంపేవారు. నేను నేల మీద కూర్చుని రోలరు ఊడదీస్తుండగా, రక్తం కావాలని కాగితం వచ్చింది. డెబ్భై దాటిన ఒకావిడ, మర్నాడు తుంటి ఆపరేషను. ఆ రోజు పరీక్షలో ఏమీ లేదు, శుభ్రంగా ఉంది.

ప్రభుదాసు గారు ఆవిడ పేరు టైపు చేశారు. రెండు ఇంటిపేర్లు, మధ్యలో చిన్న గీత.

ఒక వరస వచ్చింది. ఫలానా రకం ఉన్న రక్తం ఇవ్వకూడదు అని. ఎప్పుడో, నేను పుట్టకముందు ఎవరో నమోదు చేసినది. ఆయన దాన్ని పైకి చదివారు. పక్కన ఉన్న టెక్నాలజిస్టు వచ్చి మళ్ళీ పైకి చదివింది. ఆయన ఫ్రిజ్ తెరిచి సంచుల మీది రాతలు చూసుకుంటూ వెళ్ళి, రెండు వేరుచేసి, వాటికి పరీక్ష పెట్టి, పేరు అంటించి పక్క అరలో పెట్టారు. సైరన్ లేదు, పరుగు లేదు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. నేను చేతిలో రోలరుతో అలాగే ఉండిపోయాను.

ఆవిడకు ఆపరేషను అయ్యి ఇంటికి వెళ్ళిందని తర్వాతి వారం ఆయనే చెప్పారు. ఆవిడకు ఈ సంగతేదీ తెలియదు. డాక్టర్లకు ఒక వరస నోట్ వెళ్ళి ఉంటుంది. ఆ రోజు మాత్రం నేను నేల మీంచే అడిగాను.

"అంతేనా అంకుల్? అయిపోయిందా?"

"అయిపోయింది బాబూ," అన్నారు, గ్లవ్స్ తీసేస్తూ. "నువ్వు తొందరగా కానియ్యి. లేబుళ్ళు లేకపోతే నేను చేత్తో రాయాలి."